అకిలిస్ టెండినోపతి

మారథాన్ సాధకుల్లో కొందరికి పొద్దున మంచం దిగగానే మడమ వెనక పట్టేసినట్టు నొప్పి. పిక్క కండరాలను మడమ ఎముకతో కలిపే అకిలిస్ స్నాయువు శరీరంలోకెల్లా మందమైనది. అయినా పరుగు దూరాన్ని ఒక్కసారిగా పెంచితే మొరాయిస్తుంది, మానడానికి నెలలు తీసుకుంటుంది. పూర్తి విశ్రాంతే మందనుకుంటారు చాలామంది. కానీ బరువు మోయకపోతే స్నాయువు ఇంకా బలహీనపడుతుంది.

స్వీడన్ వైద్యుడు హకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన వ్యాయామం నేటికీ వాడుకలో ఉంది. మెట్టు అంచున పాదం ముందుభాగం ఆనించి, నొప్పి ఉన్న కాలి మడమను మెల్లగా కిందికి దించాలి. పైకి లేవడానికి రెండో కాలి సాయం తీసుకోవాలి. మోకాలు చాచి 45, వంచి 45 సార్లు. రోజూ రెండు పూటలా, 12 వారాలు. విసుగు పుట్టించే చికిత్సే! నొప్పి స్నాయువు ఎముకకు అతుక్కునే చోట ఉంటే మాత్రం మడమను మెట్టు కిందికి దించకూడదు. ‘టప్’మని శబ్దం వచ్చి మునివేళ్లపై లేవలేకపోతే స్నాయువు తెగి ఉండొచ్చు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.