తనకు తానే కళ్లెం వేసుకునే డైనమో

కలువాయిలో పదో తరగతి పిల్లలకు విద్యుదయస్కాంతత్వం చెబుతుంటే ఒకడు లేచి అడిగాడు. "మా తాత సైకిలుకు డైనమో ఉంది సార్. నిదానంగా తొక్కితే లైటు మినుకుమినుకుమంటుంది, జోరుగా తొక్కితే బాగా వెలుగుతుంది. మరి పల్లంలో దిగేటప్పుడు బల్బు మాడిపోవాలి కదా, ఎందుకు మాడదు?"

బెల్లు, క్యారియరు, స్టాండు, చైను కవరు... సైకిలుకు తగిలించే వాటన్నిట్లోకీ నాకు డైనమో అంటేనే ఎక్కువ ఇష్టం. దాని గొప్పంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

పేరుకు డైనమో గానీ, సీసాలాంటి ఆ డబ్బాలో ఉన్నది ఏసీ జనరేటరు. టైరుకు ఆనుకున్న చిన్న చక్రంతో పాటు లోపలి అయస్కాంతం తిరుగుతుంది, రాగి తీగచుట్ట మాత్రం కదలదు. చుట్టగుండా పోయే అయస్కాంత అభివాహం ఎంత వేగంగా మారితే అంత వోల్టేజి పుడుతుందన్నది 1831లో ఫారడే కనిపెట్టిన సంగతే. ఆ చక్రం వ్యాసం 2 సెంటీమీటర్లనుకుంటే, గంటకు 15 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 66 చుట్లు తిరుగుతుంది. వేగం రెట్టింపైతే పుట్టే వోల్టేజీ రెట్టింపు. ఇంతవరకు పిల్లవాడి లెక్క సరిగ్గానే ఉంది.

కానీ వేగంతో పాటు పౌనఃపున్యమూ రెట్టింపవుతుంది. చుట్టలో పారే కరెంటు తానూ ఒక అభివాహాన్ని పుట్టిస్తుంది, అది కరెంటులో వచ్చే మార్పునే ఎదిరిస్తుంది. ఇదే స్వయం ప్రేరణ. మార్పు ఎంత తొందరగా జరిగితే ఎదురు అంత గట్టిగా ఉంటుంది. జోరు పెరిగేకొద్దీ కరెంటును తోసే వోల్టేజి ఎంత పెరుగుతుందో, దాన్ని ఆపే ఈ ఎదురూ దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే కరెంటు అర ఆంపియరు దగ్గర నిలబడిపోతుంది. విడిగా రెగ్యులేటరు లేదు, మీట లేదు. తీగను ఎన్ని చుట్లు చుట్టాలన్న లెక్కలోనే అదుపంతా ఇమిడిపోయింది. ఇంత చౌక వస్తువులో ఇంత పొందికైన ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు.

6 వోల్టుల, 3 వాట్ల డైనమోలో ముందు బల్బుది 2.4 వాట్లు, వెనకదానిది 0.6. అర ఆంపియరును 0.4, 0.1గా పంచుకుంటాయి. వెనక బల్బు పోయిందంటే దాని వాటా కూడా ముందుదాని మీదే పడుతుంది, కొన్నాళ్లకు అదీ మాడుతుంది. వెనక బల్బును వెంటనే మార్చుకోవాలనేది ఇందుకే.

సీసా డైనమోకు పోటీగా 1936లో నాటింగ్‌హామ్‌లోని స్టర్మీ ఆర్చర్ కంపెనీ డైనోహబ్ తెచ్చింది. జనరేటరు చక్రం హబ్బులోనే ఉంటుంది, కాబట్టి వానలో టైరు మీద జారే బాధ లేదు. అయితే గంటకు 15 కిలోమీటర్ల వేగంలో సైకిలు చక్రం సెకనుకు దాదాపు రెండు చుట్లే తిరుగుతుంది. ఆ నిదానాన్ని పూడ్చడానికి 20 ధ్రువాల ఉంగరం లాంటి అయస్కాంతం పెట్టారు. దాంతో బరువు పెరిగింది. పైగా తెలియక విప్పి అయస్కాంతాన్ని బయటికి తీస్తే దాని బలం తగ్గిపోయేది. పనితనం గొప్పదే, కాదనను. కానీ ఏ సైకిలుకైనా ఒక్క క్లాంపుతో బిగించి, పగటిపూట టైరుకు తగలకుండా వెనక్కి లాగిపెట్టుకోగల సీసా డైనమోకే నా ఓటు. తర్వాత ఎల్ఈడీలొచ్చాయి, అంతే వెలుగుకు చాలా తక్కువ కరెంటు సరిపోయింది, బ్యాటరీ లైట్లు మార్కెట్‌ను నింపేశాయి.

పాతసామాన్ల అంగడిలో డైనమో దొరికితే బల్బు తగిలించకుండా ఏసీ వోల్టుమీటరుకు కలిపి జోరుగా తిప్పి చూడండి. కరెంటు పారకపోతే ఎదిరించేదేమీ ఉండదు, ముల్లు 6 దాటి ఎక్కడికో పోతుంది. బల్బు కలపగానే దిగివస్తుంది.