ఇంటి కుక్కకు కు.ని. ఆపరేషన్: చట్టం బలవంతపెట్టాలా?



ఇంట్లో పెంచుకునే కుక్కలకు కు.ని. ఆపరేషన్ చట్టప్రకారం తప్పనిసరి చేయాలా వద్దా అన్న మాట మన స్త్రీల సమాజంలో వచ్చినప్పుడు గది రెండుగా చీలిపోయింది. "మూగజీవికి కత్తి పెట్టడం పాపం" అని కొందరు. "మా గేటు ముందు పిల్లలను వదిలి వెళ్ళేవాళ్ళది పాపం కాదా?" అని మరికొందరు. నేను నర్సును, పశువైద్యురాలిని కాను. కానీ కుక్క కాటు బాధితులు ముందుగా వచ్చేది మా దగ్గరికే కాబట్టి, ఈ విషయంలో మాట్లాడే హక్కు మాకు కొంత ఉందనుకుంటాను.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2001లో కుక్కల జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. 2023 మార్చిలో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. వీధి కుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి చిన్న కోత గుర్తు పెట్టి, పట్టిన చోటనే వదలాలి. ఆ పని మునిసిపాలిటీలది. పెంపుడు కుక్కల టీకా, ఆపరేషన్, లైసెన్సు బాధ్యత యజమానిది. ఈ మాట 2001 నుంచీ ఉంది. అయితే ఫలానా వయసులోగా ఆపరేషన్ చేయించాల్సిందే, లేకుంటే ఇంత జరిమానా అని ఆ కేంద్ర నియమాల్లో లేదు. బాధ్యత అన్నారు, బలవంతం చేయలేదు.

బలవంతం దాకా వెళ్ళిన సందర్భం ఒకటుంది. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వీలర్ వంటి 23 జాతుల కుక్కల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్న ఆ జాతుల కుక్కలకు ఆపరేషన్ చేయించాలని కూడా అందులో ఉంది. ఎవరినీ సంప్రదించకుండా ఇచ్చారంటూ కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో ఆ లేఖను కొట్టివేసింది. ఇతర దేశాల సంగతి చూస్తే, అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం 2008లోనే పెంపుడు కుక్కలకు, పిల్లులకు నాలుగు నెలల వయసు నుంచి ఆపరేషన్ తప్పనిసరి చేసింది. కొన్ని మినహాయింపులు మాత్రం ఇచ్చింది. అక్కడ కూడా ఈ చట్టాల మీద వాదన ఇంకా తెగలేదు.

మన నగరంలో ఈ చర్చ ఎందుకింత వేడెక్కిందో అందరికీ తెలుసు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధి కుక్కలు కరిచి చంపాయి. తండ్రి వాచ్‌మన్. ఆ వీడియో చూసిన తల్లులెవరూ ఆ రాత్రి నిద్రపోయి ఉండరు. మన హైకోర్టు పత్రికల్లో వచ్చిన వార్తనే కేసుగా తీసుకుంది. ఆ తర్వాత సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని చెప్పింది. ఆగస్టు 22న దాన్ని మార్చి, ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలాలనీ, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదనీ చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తీసివేయాలని, మళ్ళీ అక్కడ వదలవద్దని ఆదేశించింది. అంటే ఇది మన ఆసుపత్రి గేటు విషయం కూడా అయింది.

మరో పక్క, 2026 జనవరిలో మన రాష్ట్రంలో హనుమకొండ, కామారెడ్డి వంటి జిల్లాల్లోని కొన్ని గ్రామాల్లో వందల కుక్కలను విషపు సూదులతో చంపారన్న ఫిర్యాదులు పోలీసుల దాకా వెళ్ళాయి. భయం మనిషి చేత ఏం చేయిస్తుందో చెప్పడానికి అది చాలు. చంపితే తగ్గుతాయా అంటే, తగ్గవు. తిండి ఉన్నచోటికి పక్క వీధి కుక్కలు వస్తాయి, వాటిలో టీకా లేనివే ఎక్కువ. మద్రాసు కార్పొరేషన్ వంద ఏళ్ళకు పైగా చంపి చూసి, 1996లో ఆపరేషన్ల పద్ధతికి మారింది.

తిండి అన్నాను కదా, మన పేటను చూడండి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, వాటి వెనుక హాస్టళ్ళు, మెస్సులు, కర్రీ పాయింట్లు. రాత్రి పదిన్నర దాటాక మిగిలిన అన్నం, సాంబారు కవర్లలో కట్టి గల్లీ మూలన పడేస్తారు. పంజగుట్ట వైపు చికెన్ సెంటర్ల వ్యర్థాలు. కుక్కలు ఎక్కువ ఎందుకున్నాయని అడిగేవాళ్ళు ఆ టైములో ఒకసారి ఆ గల్లీలో నడిచి చూస్తే జవాబు దొరుకుతుంది. మన ఆసుపత్రి విషయంలో కూడా దాచేదేమీ లేదు. రోగి వెంట వచ్చినవాళ్ళు చెట్టు కింద టిఫిన్ విప్పుకొని, మిగిలింది జాలితో అక్కడే వేస్తారు. జాలి మంచిదే, కానీ డబ్బా డస్ట్‌బిన్‌లో వేయండమ్మా అని వార్డు ఆయాలు చెప్పి చెప్పి అలిసిపోయారు.

ఇక అసలు ప్రశ్న. వీధిలో పుట్టిన పిల్లలతో పాటు ఇళ్ళ నుంచి వచ్చి చేరేవి కూడా తక్కువేమీ కాదు. ఆడకుక్క సాధారణంగా ఆరు నెలలు దాటాక ఎదకు వస్తుంది, ఏడాదికి రెండుసార్లు. మోసేది రెండు నెలలే. ఒక ఈతకు నాలుగైదు పిల్లలు మామూలు, ఎనిమిది కూడా పుడతాయి. మగపిల్లలను ఎవరైనా తీసుకెళ్తారు. ఆడపిల్లలు మిగిలిపోతాయి. చివరికి అట్టపెట్టెలో పెట్టి చర్చి గేటు దగ్గరో, కూరగాయల మార్కెట్ వెనకాలో వదిలేస్తారు. ఆడపిల్ల అనగానే ఎవరికీ వద్దనిపించడం మనుషుల్లోనే అనుకున్నాం, కుక్కల్లో కూడా అంతే.

"ఒక్కసారైనా పిల్లలు పెట్టనివ్వాలి సిస్టర్, లేకుంటే దాని ఆరోగ్యం పాడవుతుంది" అంటారు చాలామంది. ఇది నిజం కాదు. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేస్తే రొమ్ము గడ్డల ప్రమాదం బాగా తగ్గుతుంది, గర్భసంచిలో చీము పట్టే జబ్బు రాదు. మగకుక్క కాపలా మానేస్తుందన్నది కూడా అపోహే. కోడెలకు విత్తులు కొట్టించడం మన ఊళ్ళల్లో తాతలనాటి నుంచి ఉంది, ఆ ఎద్దులు దుక్కి మానలేదు కదా. అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ఆడకుక్కకు ఇది పెద్ద ఆపరేషనే. మన తల్లులకు చేసే ట్యూబెక్టమీలాగా గొట్టాలు కట్టడం కాదు, అండాశయాలు, గర్భసంచి తీసేస్తారు. మత్తు, కుట్లు, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటాయి. పెద్ద జాతుల కుక్కలకు మరీ లేత వయసులో చేస్తే కీళ్ళ ఇబ్బందులు రావచ్చు. కాబట్టి ఏ వయసులో అన్నది పశువుల డాక్టరు చూసి చెప్పాలి. ఒకే వయసు గీత గీసే చట్టం ఇక్కడే తడబడుతుంది.

బలవంతం గురించి మా వృత్తికి ఒక పాత జ్ఞాపకం ఉంది. 1975-77 ఎమర్జెన్సీలో ఉత్తర భారతంలో మగవాళ్ళకు బలవంతంగా వేసక్టమీలు చేశారు. ఆ భయంతో ఆరోగ్య సిబ్బందిని చూస్తేనే జనం పొలాల్లోకి పారిపోయారట. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా మగవాళ్ళు ఆ చిన్న ఆపరేషన్‌కు ముందుకు రాలేదు, భారమంతా ఆడవాళ్ళ మీద పడింది. కుక్కలు మనుషులు కావు, ఆ తేడా నాకు తెలుసు. కానీ భయపడేది కుక్క కాదు, యజమాని. రేపు జరిమానా అంటే బస్తీలో ఉండే కుటుంబం కుక్కను దాచేస్తుంది, లేదా రాత్రికి రాత్రి వీధిలో వదిలేస్తుంది. దాచిన కుక్కకు టీకా కూడా పడదు. నా భయమంతా అక్కడే.

ఎందుకంటే రేబిస్‌ను ఆపేది ఆపరేషన్ కాదు, టీకా. ఆపరేషన్ సంఖ్యను అదుపులో ఉంచుతుంది, అందువల్ల టీకాలు వేయడం సులభమవుతుంది. జైపూర్‌లో 1994 నుంచి ఆపరేషన్, టీకా కలిపి చేసిన ప్రాంతంలో మనుషుల్లో రేబిస్ కేసులు సున్నాకు వచ్చాయి. గోవాలో ఇల్లిల్లూ, వీధి వీధీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు. ఆ రాష్ట్రాన్ని 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే జబ్బు పాకడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి నా మనసులో మాట ఇది. రేబిస్ టీకా, లైసెన్సు మీద మాత్రం ఎలాంటి మొహమాటం లేకుండా బలవంతం పెట్టాలి. ఆపరేషన్‌ను వీధిలోకి వదిలే ఇంటి కుక్కలకు, అమ్మకానికి పిల్లలను పుట్టించే వ్యాపారులకు తప్పనిసరి నియమాలతో కట్టాలి. మిగతావాళ్ళకు ఉచితంగానో, తక్కువ ఖర్చుతోనో ఇంటి దగ్గరలో సౌకర్యం కల్పించాలి. పల్స్ పోలియో రోజున బూత్ గడప దగ్గరికే వచ్చింది కాబట్టే పోలియో పోయింది. చట్టం పుస్తకంలో పెట్టి ఊరుకుంటే పోయేది కాదు. దీనికి ఒప్పుకోని పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు, వారి మాట కూడా ఈ పేజీల్లో రావాలని కోరుకుంటాను.

ఈలోగా చట్టం కోసం ఆగనవసరం లేని సంగతి ఒకటి చెప్పాలి. "మా ఇంట్ల కుక్కనే సిస్టరమ్మా, గీరింది గంతే" అంటూ నాలుగు రోజుల తర్వాత వచ్చేవాళ్ళున్నారు. ఇంటి కుక్కయినా, నెలల కుక్కపిల్లయినా ఒకటే. 2025లో ఉత్తరప్రదేశ్‌లో ఒక కబడ్డీ ఆటగాడు కాలువలో పడ్డ కుక్కపిల్లను కాపాడబోయి కరిపించుకున్నాడు. చిన్న గాయమే కదా అని టీకా తీసుకోలేదు. కొన్ని నెలలకు రేబిస్‌తో చనిపోయాడు. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బును నయం చేసే మందు ఏ ఆసుపత్రిలోనూ లేదు. లాజరు కురుపులను కుక్కలు నాకాయని లూకా సువార్తలో చదివి మన పిల్లలు వాటి దయను మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి. కానీ తెగిన చర్మం మీద కుక్క నాకడాన్ని వైద్యంలో రక్తం కారిన కాటుతో సమానంగా, మూడో తరగతి కిందే లెక్కిస్తాం.

కరిచిన వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు. ఇప్పుడు బొడ్డు చుట్టూ 14 సూదులు లేవు. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత టీకా తయారీ 2004 డిసెంబరుతో మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చర్మంలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండలో అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఇస్తారు. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి, అది మరిచిపోకుండా అడగండి. నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో ఎన్నో ఏళ్ళుగా కుక్కకాటు టీకా ఇస్తున్నారు. మీ కుక్క టీకా కార్డు ఉంటే వెంట తెచ్చుకోండి. కార్డు దొరకలేదని మాత్రం ఇంట్లో వెతుక్కుంటూ కూర్చోకండి, ముందు బిడ్డను తీసుకొని రండి.