కాలేజీకి వెళ్ళిన బిడ్డకు పది దినములు



తెల్లవారి ఏడు గంటల వేళ ధర్పల్లి బస్టాండులో కాసేపు నిలబడి చూడండి. మన పల్లెల ఆశ అంతా భుజాన సంచి వేసుకొని బస్సు కోసం ఎదురుచూస్తూ కనబడుతుంది. కొందరు నిజామాబాదు కాలేజీలకు, మరికొందరు 2006లో డిచ్‌పల్లిలో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు వెళ్ళే బిడ్డలు. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టికెట్టు ఖర్చు లేకుండా పోయింది గనుక ఆడపిల్లల తల్లిదండ్రులకు ఆ భారము కూడా తగ్గింది.

బస్సు ఎక్కించడము మనకు చేతనయింది. అయితే బస్సు దిగిన తరువాత ఆ బిడ్డ ఎలా చదవాలో మనము నేర్పించామా? ఈ ప్రశ్న మమ్మును కొంతకాలముగా వెంటాడుచున్నది. కారణము ఒక అబ్బాయి.

అతడు మా సంఘములో పెరిగినవాడే. పదవ తరగతి వరకు తెలుగు మీడియములో చదివి ఊరిలో మంచి మార్కులు తెచ్చుకున్నాడు. ఇంటర్ దాటి డిగ్రీలో చేరాడు. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారము ఆరాధనలో వెనుక వరుసలో కూర్చుండి పాట కూడా పాడలేదు. అందరూ వెళ్ళిన తరువాత మెల్లగా పలుకరించాము.

"అయ్యగారూ, మూడు సబ్జెక్టులల్ల తప్పిన. బాపుకు ఇంకా చెప్పలే. మీరు సుత చెప్పకుండ్రి" అన్నాడు.

"ఎట్లా చదివినవు బిడ్డా?" అని అడిగాము.

"పరీక్ష ముందల రాత్రి పాఠం మొత్తం ఐదారుసార్లు చదివిన. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉండె. పేపరు చూడంగనే ఏం యాదికి రాలే."

"క్లాసులో అర్థము కాకపోతే లెక్చరర్‌ను అడగలేదా?"

"ఇంగ్లీషుల అడగాలె కద అయ్యగారూ. తప్పు మాట్లాడితే నవ్వుతరు."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ బిడ్డకు తెలివి తక్కువ కాదు, సోమరితనమూ లేదు. చదివే పద్ధతి తెలియదు, అడగడానికి సిగ్గు. ఈ రెండే అతణ్ణి పడగొట్టాయి. ఇటువంటివారు మన ప్రతి సంఘములోనూ ఉన్నారు.

బబులోనులో నలుగురు విద్యార్థులు

దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము తెరిచి చూస్తే మనకు నలుగురు యౌవనులు కనబడతారు. దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా. ఇంటికి దూరమయ్యారు. చుట్టూ కల్దీయుల భాష, కల్దీయుల విద్య. భోజనము వేరు. చివరకు పేర్లు కూడా మార్చివేశారు. చదువు కాలము ఎంత? మూడు సంవత్సరములు. మన బిడ్డల డిగ్రీ కూడా మూడు సంవత్సరములే కదా!

ఆ కొత్తచోట దానియేలు మొదట ఏమి చేశాడు? తనలో ఒక తీర్మానము చేసుకున్నాడు. ఆ వెంటనే వెళ్ళి అడిగాడు. నపుంసకుల అధిపతిని అడిగాడు, అక్కడ పని జరగకపోతే తమపై నియమించబడినవానిని అడిగాడు. ఎదిరించలేదు, దాక్కోలేదు, మర్యాదగా మనవి చేసుకున్నాడు. ఎన్ని రోజులకు? పది దినములకు మాత్రమే. పది దినముల తరువాత చూచి నిర్ణయించమన్నాడు. ఇది దేవుని బిడ్డ నడిచిన పద్ధతి: పెద్ద పెద్ద శపథములు కాదు, పది దినముల చిన్న ప్రయత్నము.

అడగడము అవమానము కాదని మన ప్రభువు కూడా చూపించాడు. పన్నెండేండ్ల ప్రాయములో దేవాలయములో బోధకుల మధ్య కూర్చుండి ఆయన వారి మాటలు ఆలకించాడు, ప్రశ్నలు అడిగాడు (లూకా 2:46). ప్రభువే అడిగినప్పుడు మనకు సిగ్గు ఎందుకు?

చదవడము వేరు, జ్ఞాపకము తెచ్చుకొనడము వేరు

ఇప్పుడు పద్ధతి సంగతి చూద్దాము. ఒకప్పుడు డిగ్రీ విద్యార్థికి సంవత్సరమునకు ఒక్కసారే పెద్ద పరీక్షలు. 2016 నుండి తెలంగాణ డిగ్రీ కాలేజీలలో సెమిస్టర్ పద్ధతి వచ్చింది. చేరి ఊపిరి పీల్చుకొనేలోపే పరీక్ష వస్తుంది. చివరి నెలలో చదువుదాములే అనుకొనేవానికి ఆ చివరి నెల కంటికి కనబడకుండానే జారిపోతుంది.

1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మనీ పండితుడు తన మీదనే పరీక్షలు చేసుకొని, నేర్చుకున్నది మొదటి గంటలలోనే ఎక్కువగా మరచిపోతామనీ, విడతలు విడతలుగా చదివితే బాగా నిలుస్తుందనీ చూపించాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠము ఇచ్చారు. ఒక గుంపు దానిని నాలుగు విడతలు చదివింది. మరొక గుంపు ఒక్క విడత చదివి, మూడు విడతలు పుస్తకము చూడకుండా జ్ఞాపకమున్నది వ్రాసింది. ఐదు నిమిషముల తరువాత అడిగితే చదివినవారే ముందున్నారు: నూటికి 83, వ్రాసినవారికి 71. అయితే వారము గడిచాక చూస్తే చదివినవారికి 40 మాత్రమే మిగిలింది, వ్రాసినవారికి 61 నిలిచింది.

మా అబ్బాయి మాట మళ్ళీ తలచుకోండి. "చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉండె." అదే మోసము. కన్నులు గుర్తుపట్టినదానిని మనస్సు నేర్చుకున్నదని అనుకుంటాము.

పది దినములు ఇలా చేసి చూడండి

ప్రియమైన విద్యార్థులారా, మిమ్మును మూడేండ్లకు మాట ఇమ్మని అడగము. పది దినములు చేసి చూడండి.

మొదటిది, ఆ రోజు విన్న పాఠమును ఆ సాయంత్రమే పుస్తకము మూసి తెల్లకాగితము మీద తెలుగులోనైనా సరే వ్రాయండి. తరువాత పుస్తకము తెరిచి తప్పినది దిద్దుకోండి. అదే పాఠమును మూడవ రోజు, మళ్ళీ పదవ రోజు చూడకుండా వ్రాయండి.

రెండవది, ప్రతి పాఠములో మీకు తెలియని ఇంగ్లీషు మాటలు పదింటిని చిన్న నోటుబుక్కులో అర్థముతో వ్రాసుకోండి. బస్సులో సీటు దొరికినా దొరకకపోయినా వాటిని మనస్సులో తిప్పుకొనవచ్చు. రోజూ రానూ పోనూ బస్సులో పోయే సమయము తక్కువేమీ కాదు.

మూడవది, రోజుకు ఒక్క ప్రశ్న అడగండి. క్లాసులో నోరు రాకపోతే క్లాసు అయిన తరువాత లెక్చరర్ దగ్గరకు వెళ్ళి, "సార్, ఇది అర్థము కాలేదు, తెలుగులో ఒక్కసారి చెప్పండి" అని వేడుకోండి. పైతరగతి అన్నలను, అక్కలను అడగండి.

నాలుగవది, చదివే గంట సెల్‌ఫోను వేరే గదిలో అమ్మ దగ్గర ఉంచండి. హాస్టల్‌లో ఉన్నవారు పెట్టెలో పెట్టి తాళము వేయండి.

ఐదవది, రాత్రంతా మేలుకొని చదవకండి. నిద్రలేని తలకు చదివినది నిలువదు. చదువుకు ముందు చిన్న ప్రార్థన చేయండి, ప్రభువు దినమున మందిరమునకు రండి. దానియేలు పెద్ద ఉద్యోగములో ఉన్నప్పుడు కూడా దినమునకు ముమ్మారు మోకాళ్ళూనుట మానలేదు (దానియేలు 6:10).

తల్లిదండ్రులకు ఒక మాట

బోధన్‌లో 1937లో స్థాపించబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టింది. చెరకు వేసినవారూ, మిల్లులో పనిచేసినవారూ దానిని నమ్ముకొని బ్రదికారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఇప్పుడు మన ఇండ్లలో ఆ నమ్మకమంతా బిడ్డల చదువు మీద పెట్టుకున్నాము. తప్పు కాదు. అయితే ఆ బరువు పంతొమ్మిదేండ్ల భుజము మీద ఎంత పడుతుందో కూడా ఆలోచించండి.

పసుపు తవ్వి ఉడకబెట్టే కాలములో చేతులు చాలవని మాకు తెలుసు. అయినా పరీక్షల వారములో బిడ్డను చేనికి పిలువకండి. "ఎన్ని మార్కులు?" అని కాక "ఇయ్యాల ఏం నేర్చుకున్నవు, మాకు చెప్పు" అని అడగండి. మీరు చదువుకోకపోయినా ఫరవాలేదు. మీకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే ఆ పాఠము బిడ్డకు వచ్చినట్టే.

తప్పితే? 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తరువాత మన తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఇండ్లలోని దుఃఖము మరే ఇంటికీ రాకూడదు. తప్పిన సబ్జెక్టు మళ్ళీ వ్రాసుకొనవచ్చు, బిడ్డ మళ్ళీ రాడు. కనుక పరీక్షకు ముందే మీ నోటితో చెప్పండి: "పాసైనా తప్పినా నువ్వు మా బిడ్డవే." మనస్సు కృంగినవారు ప్రభుత్వము నడిపే టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

దోర్నకల్ బిషప్పు అజరయ్యగారిని మన పెద్దలు ఎరుగుదురు. 1874లో తిరునల్వేలి ప్రాంతములో పుట్టిన ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా డిగ్రీ పట్టా పొందలేదు. 1909లో దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, ముప్పై అయిదేండ్ల వయస్సులో తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొనవలసి వచ్చింది. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పట్టా అక్కరలేదని దీని అర్థము కాదు. పట్టా దగ్గర ఆగినంత మాత్రాన దేవుని ఉద్దేశము ఆగదని అర్థము.

సంఘము చేయగలిగినది

మా మందిరము ప్రక్క గది వారములో రెండు సాయంత్రములు తెరిచి దీపము వేసి ఉంచుచున్నాము. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. డిగ్రీ ముగించిన అక్క ఒకరు వచ్చి కూర్చుంటారు. ఖర్చు చాలా తక్కువ. ప్రతి సంఘమూ ఇంతమాత్రము చేయగలదు.

మా అబ్బాయి సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. మేము ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఆదివారము అతడే తండ్రికి చెప్పాడు. తండ్రి కొంతసేపు మాటాడక, "అన్నం తిన్నవా?" అని మాత్రము అడిగాడట. తరువాత పది దినములు, మళ్ళీ పది దినములు కూర్చున్నాడు. మూడింటిలో రెండు పాసయ్యాడు. ఒకటి ఇంకా మిగిలి ఉన్నది. అయితే ఇప్పుడు అతడు వెనుక వరుసలో కూర్చోవడము లేదు. క్లాసులో రోజుకు ఒక ప్రశ్న అడుగుచున్నాడు.

కొత్తచోట దానియేలుకు తోడైయున్న దేవుడు బస్సులలోను హాస్టళ్ళలోను ఉన్న మన బిడ్డలకు తోడైయుండి, అడిగే ధైర్యమును, నిలిచే ఓపికను దయచేయును గాక. ఆమేన్.