ఛాయాచిత్రంలో ఊరి చరిత్ర

రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, కావ్యావతారికలున్నాయి. సామాన్యులు నివసించిన పల్లెకు, పేటకు చరిత్ర ఎక్కడ లభిస్తుంది? 18వ శతాబ్ది చివర, 19వ శతాబ్ది ఆరంభంలో కాలిన్ మెకంజీ ఈ ప్రశ్నకు సమాధానం వెదికాడు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి పండితుల సహాయంతో గ్రామ వృత్తాంతాలను సేకరించాడు. అవే కైఫీయతులు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు త్రవ్వించారు, ఆలయానికి మాన్యం ఎంత అనే విషయాలు వాటివలన తెలుస్తాయి. అయితే ఆ చెరువుగట్టున నిలిచినవారి ముఖాలు కైఫీయతులో కనిపించవు.

ముఖాలను చూపే విద్య 1839లో లోకానికి వెల్లడైంది. అనంతరం కొద్ది సంవత్సరాలకే, 1843 - 1847 మధ్యకాలంలో, స్కాట్లండులోని ఎడిన్‌బరో చెంతనున్న న్యూహేవెన్ అనే జాలరిపల్లె ప్రజలను హిల్ అనే చిత్రకారుడు, ఆడమ్సన్ అనే ఛాయాగ్రాహకుడు కలిసి చిత్రించారు. చేపల బుట్టలతో నిలిచిన స్త్రీలు, పడవలకు ఆనుకొన్న పురుషులు నేటికీ అందులో సజీవంగా ఉన్నారు. చిత్రాలు తీసినవారి పేర్లు ప్రపంచానికి తెలుసు. చిత్రాలలో ఉన్నవారిలో కొందరి పేర్లే మిగిలాయి.

విజయవాడ పాత ఛాయాచిత్రం ఒకటి దొరికిందనుకుందాం. దానిపై తేదీ లేదు. ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు నడుమ కృష్ణకు అడ్డంగా తక్కువ ఎత్తుగల ఆనకట్ట కనిపిస్తే అది 1855లో పూర్తయిన కట్టడం. ఇనుప దూలాల రైలు వంతెన కూడా ఉంటే చిత్రం 1893కు ముందుది కాజాలదు. ప్రకాశం బ్యారేజీ లేకుంటే 1957కు పూర్వపుది. ఆనకట్ట నిర్మించిన ఇంజనీరు పేరిట ఓర్ కొండ అని పిలిచిన గుట్టపై గాంధీ స్థూపం నిలిచి ఉంటే 1968కి తరువాతిది. ఇలా నదీతీరమే కాలనిర్ణయం చేస్తుంది. కాని కెమెరా ముఖం ఎటువైపు ఉన్నదో తేల్చుకోకుండా ‘బ్యారేజీ లేదు’ అనడం తొందరపాటే!

ఏలూరు రోడ్డును, బందరు రోడ్డును కలిపే బీసెంటు రోడ్డు గవర్నర్‌పేటకు ప్రాణనాడి. అటువంటి వీధిలో తీసిన పాత ఊరేగింపు చిత్రంలో ఛాయాగ్రాహకుడు కోరినది పూలరథాన్ని. చరిత్రకారుడు చూచేది దాని వెనుకనున్న దుకాణాన్ని. పలకపై అక్షరాలు ఏ భాషలో ఉన్నాయి? నిలిపి ఉంచినది జట్కాబండియా, రిక్షాయా? జనంలో స్త్రీలు ఎందరు? తీసినవాని దృష్టికి రానిదే తరువాతివారికి పెన్నిధి.

స్టూడియో చిత్రాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. డెల్టా పల్లెల నుండి పెండ్లిబట్టల కొనుగోలుకై పట్టణానికి వచ్చిన కుటుంబం, తెరపై గీసిన మేడ ముందు, తమ ఇంట లేని నగిషీ కుర్చీలో కూర్చుండేది. తండ్రి చేతి గడియారం సైతం ఎరువు తెచ్చినది కావచ్చు. అందువలన ఆ చిత్రం వారి సంపదను గాక వారి కోరికను తెలుపుతుంది. అదీ చరిత్రే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలాది ప్రాణాలు పోయాయి. ఇండ్లతోపాటు గోడలపైని పటాలూ కొట్టుకొనిపోయాయి. అటువంటి కుటుంబానికి, దూరపు బంధువుల ఇంట భద్రంగా ఉన్న మరొక ప్రతి కేవలం జ్ఞాపిక కాదు. గతించినవారి రూపానికి మిగిలిన ఏకైక సాక్ష్యం. ఒకే ప్రతి ఉన్న చిత్రాన్ని చెమ్మగిలిన గోడకు వ్రేలాడదీయడం ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి ఊహించవచ్చు.

నీటి బాధ లేని ఇంట మరుపు ఉంటుంది. పాఠశాలల పాత సామూహిక చిత్రాలను గమనిస్తే ఇది స్పష్టమవుతుంది. కుర్చీలలో ఉపాధ్యాయులు, వెనుక పెద్ద విద్యార్థులు, ముందు చాపపై చిన్న పిల్లలు. అట్టపై పేర్లు వరుసగా అచ్చువేయబడి ఉంటాయి. ఒక చివర తలపాగాతో, చేతులు కట్టుకొని నిలిచిన బంట్రోతు పేరు మాత్రం తరచు ఉండదు. గంట కొట్టినది, తాళం తీసినది, ఎండలో కుర్చీలు మోసి వరుసగా వేసినది ఆయనే. 1950 ప్రాంతపు చిత్రమైతే, ఆయన పేరు చెప్పగలవారు ఆ చాపపై కూర్చున్న పిల్లలే. వారిలో జీవించి ఉన్నవారికి ఇప్పుడు ఎనభై ఏండ్లు దాటాయి.