అమ్ముతారా అని అడిగే ఉత్తరం

నాయుడుపేట చుట్టుపక్కల ముళ్లకంప పెరిగిన ప్లాట్ల యజమానుల్లో చాలామంది ఊళ్లో ఉండరు. మేనకూరు సెజ్‌ని, హైవే నుంచి తిరుపతి రోడ్డు ఇక్కడే చీలడాన్ని చూసి, చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటూ కొనిపెట్టుకున్నవాళ్లు. నాలాంటి మధ్యవర్తికి వాళ్ల ఫోను నంబరు దొరకదు. దొరికినా, తెలియని నంబరు ఎత్తేదెవరు? అందుకే ఉత్తరం రాస్తాను. అమెరికాలో ఇళ్ల వ్యాపారులు పసుపు కాగితం మీద చేతిరాతలా అచ్చేసి వేలకొద్దీ పంపుతారట. మనకు అంత అక్కర్లేదు, ఒక్క లేఅవుటుతో మొదలుపెట్టొచ్చు.

కొత్తవాళ్లు ఉత్తరంలో ఏం రాయాలని అడుగుతారు. ఎవరికి రాయాలో తేలడమే అసలు పని. మీభూమి వెబ్‌సైట్లో అడంగల్, 1బి చూస్తే పొలం ఎవరి పేరున ఉందో తెలుస్తుంది గానీ ఇంటి చిరునామా తెలియదు. ప్లాటుకైతే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయాలి. అందులో దస్తావేజు నంబరు ఉంటుంది. ఆ నంబరుతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకుంటే కొన్నవాళ్ల చిరునామా దొరుకుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను కింద స్థిరాస్తి దస్తావేజు నకలు ఫీజు కట్టి ఎవరైనా అడగొచ్చు. ఖర్చూ తిరుగుడూ ఉన్న పనే. అందుకే జాబితా దానంతటదే పొట్టిదవుతుంది, అదీ ఒకందుకు మంచిదే.

ఆ జాబితాలోంచి 22ఎ నిషేధిత సర్వే నంబర్లు, డీకేటీ (అసైన్డ్) పట్టాలు తీసేయాలి. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు వెసులుబాటు వచ్చింది గానీ, మొదటిసారే ఆ ఫైళ్లు నెత్తికెత్తుకోవద్దు.

ఇన్‌లాండ్ లెటరు రెండున్నర, కవరు ఐదు రూపాయలు. నేను కవరే వాడతాను. సంతకం పెట్టించుకుని ఇచ్చే టపా మాత్రం వద్దు, కోర్టు నోటీసేమోనని తీసుకోకుండా తిప్పిపంపేస్తారు. కవరు మీద మన చిరునామా తప్పక ఉండాలి. ఇల్లు మారినవాళ్ల ఉత్తరం తిరిగొస్తే ఆ పేరు పక్కన గుర్తు పెట్టుకుని, ప్లాటు పక్కవాళ్లను వాకబు చేయొచ్చు.

లోపల ఒక్క పేజీ చాలు. పేరు పక్కన గారు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, నేను మధ్యవర్తినన్న మాట, నా కమీషను. చెన్నై చిరునామాల్లో తమిళులుంటారు, వాళ్లకు తమిళంలో రాయిస్తాను. రేటు రాయను. విస్తీర్ణం మాత్రం గజాల్లోనే రాస్తాను. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. మా ఊరు 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రెండు కొలతలూ నోళ్లలో ఉన్నచోట అంకణం లెక్కన మాట్లాడితే సగానికి సగం తేడా వస్తుంది.

జవాబు రాకపోతే నెలా రెండు నెలలు ఆగి ఇంకొకటి రాయాలి, అదీ రాకపోతే వదిలేయాలి. ఫోను చేసినవాళ్లు ముందు రేటెంత అంటారు. నేను ముందు అడిగేది, పట్టాదారు బతికే ఉన్నారా, లేకపోతే వారసులెందరు అని. ఒక్క అక్కచెల్లెలి సంతకం తేలకుండా కొనేవాళ్లను తీసుకెళ్లి ప్లాటు చూపించను.