చర్మంపై ఎలర్జీ పరీక్ష – తెలిసికొనదగిన విషయాలు

ఉదయం లేవగానే ఆగని తుమ్ములు, ఉన్నట్టుండి లేచే దద్దుర్లు, మెడపై మానని దురద – ఇట్టి బాధలతో వెళ్ళిన విద్యార్థికి వైద్యుడు ఎలర్జీ పరీక్ష చేయించుకొమ్మని చెప్పుట కలదు. కొందరు సూదులకు జంకి మానుకుంటారు. మరికొందరు ఆ పరీక్షతో సర్వం తేలిపోతుందని ఆశిస్తారు. ఈ రెండూ సరికావు.

ఇతరులకు హాని చేయని పుప్పొడి, దుమ్ము, ఆహారం మొదలైన వాటిని కొందరి శరీరం శత్రువులుగా ఎంచి ఎదిరిస్తుంది. దీనికి ఎలర్జీ అను పేరు పెట్టినవాడు వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే; అది 1906వ సంవత్సరం. అంతకు పూర్వమే ఇంగ్లండు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ పుప్పొడిని తన చర్మంపైనే పరీక్షించుకొని, ఆ ఫలితాలను 1873లో ప్రకటించాడు.

నేడు చేసే పరీక్షలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది ప్రిక్ టెస్ట్. తుమ్ములు, ఉబ్బసం, కొన్ని ఆహారాల వలన కలిగే ఎలర్జీల విషయంలో దీనిని చేస్తారు. ముంజేతి లోపలివైపు వివిధ ద్రవాల చుక్కలు వేసి, ఒక్కొక్క చుక్క గుండా చర్మాన్ని చిన్న మొనతో గుచ్చుతారు. సాధారణంగా రక్తం రాదు, బాధ స్వల్పం. పోలిక కొరకు ఒక చోట హిస్టమిన్, మరొక చోట ఉప్పునీరు కూడా వాడతారు. పదిహేను, ఇరవై నిమిషాల తరువాత, ఉప్పునీటి చోటికంటే 3 మిల్లీమీటర్లైనా పెద్దదిగా దద్దురు లేచినచో ఆ పదార్థం పట్ల ప్రతిచర్య ఉన్నట్లు.

రెండవది ప్యాచ్ టెస్ట్. ఇందులో సూది లేదు. అనుమానిత పదార్థాలను వీపుపై పట్టీలతో అంటించి 48 గంటలు ఉంచుతారు. ఆ రెండు దినాలు వీపు తడపరాదు, చెమట పట్టే ఆటలాడరాదు. పట్టీలు తీసిన తరువాత ఒకటి రెండు దినాలకు మరల చూపించుకోవలెను. గిల్టు నగలలోని నికెల్, జుట్టు రంగు, వయ్యారిభామ మొక్క వలన కలిగే చర్మవ్యాధులు దీనివలన బయటపడతాయి. పండుగలకు పెట్టుకొనే నల్ల మెహందీలోనూ జుట్టు రంగులోని రసాయనమే కలుపుట కద్దు.

ప్రిక్ టెస్టుకు ఉపవాసం అక్కరలేదు. కాని సెటిరిజిన్ వంటి మాత్రలు ఫలితాన్ని మరుగుపరుస్తాయి. వాటిని సుమారు వారం ముందే, వైద్యుని అనుమతితో ఆపవలెను. ఉబ్బసం ఎక్కువగా ఉన్నా, ఇతర మందులు వాడుతున్నా ముందుగా చెప్పవలెను. తీవ్రమైన ప్రతిచర్య అరుదే అయినా, తక్షణ చికిత్సకు ఏర్పాటున్న చోటనే ఈ పరీక్ష చేయించుకొని, పిమ్మట అరగంట అక్కడే వేచియుండుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. దద్దురు లేచినంత మాత్రాన అది వ్యాధి కాదు. గ్రుడ్డు చుక్కకు ప్రతిచర్య కనిపించినా, గ్రుడ్డు తిని ఏ బాధా పడనివారు కలరు. కాగితంపై జాబితా చూచి పాలు, గ్రుడ్లు, పప్పు ఒక్కసారిగా మానివేసినచో ఎదిగే వయస్సులో పోషణ దెబ్బతింటుంది. అట్లే, దీర్ఘకాలంగా వచ్చే దద్దుర్లకు అనేకసార్లు బయటి కారణమేదీ దొరకదు. పరీక్షలో ఏమీ తేలలేదని నిరాశపడనక్కరలేదు, చికిత్స కలదు.

కావున విద్యార్థులు పరీక్షకు వెళ్ళుటకు ముందు, బాధ ఎప్పుడు, ఎక్కడ, ఏమి తిన్న పిదప కలిగినదో నోటుపుస్తకంలో వ్రాసి తీసికొనిపోవలెను. ఆ వివరాలతో సరిపోల్చి చూచినపుడే వైద్యునికి చర్మంపై లేచిన దద్దురు అర్థం తెలుస్తుంది.