ఇంట్లో విమానం బిగించాలంటే...
కిట్టుకు డబ్బు కట్టేముందు చూసుకోవలసినవి

తెనాలి, బాపట్ల, రేపల్లె: బీరువా, మంచం విడి భాగాలుగా వచ్చి ఇంటి దగ్గర బిగించుకోవడం ఇప్పుడు అందరికీ తెలిసిందే. విమానం కూడా అలాగే పెట్టెల్లో వస్తుందంటే పల్లెల్లో చాలామంది నమ్మరు. కాని ఇది నిజం. రెక్కలు, తోక, మధ్య భాగం, చక్రాలు, బోల్టులు కలిపి "కిట్టు" పేరుతో అమ్మే కంపెనీలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. అమెరికాలోని వ్యాన్స్ కంపెనీ 1973లో మొదలైంది. అక్కడి నిబంధన ప్రకారం పనిలో సగానికి పైగా సొంతదారు నేర్చుకోవడానికో, సరదాకో స్వయంగా చేసినదై ఉండాలి.

తెనాలి లేత్ షాపుల్లోను, బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీల్లోను, నిజాంపట్నం రేవులో పడవలు కట్టేవారిలోను చేతిపని తెలిసిన యువకులకు కొదవలేదు. అటువంటివారికి ఈ కోరిక కలగడంలో వింత లేదు. అయితే ఎకరం అమ్మి కిట్టు తెప్పించాక, అది షెడ్డులోనే తుప్పు పట్టిపోతే ఆ కుటుంబం కోలుకోవడం కష్టం.

ఇద్దరి అనుభవం

కేరళలోని అలప్పుళకు చెందిన అశోక్ తామరాక్షన్ బ్రిటన్‌లో స్థిరపడిన ఇంజనీరు. ఆయన మొదట విమానం నడపడం నేర్చి లైసెన్సు తీసుకున్నారు. ఆ తర్వాతే దక్షిణాఫ్రికా నుంచి నాలుగు సీట్ల స్లింగ్ కిట్టు తెప్పించి, కరోనా లాక్‌డౌన్ కాలంలో ఇంటి వద్ద పని ప్రారంభించారు. సుమారు ఏడాదిన్నర పట్టింది. 2022 ఫిబ్రవరిలో అది గాలిలోకి లేచింది. ఖర్చు సుమారు 1 లక్షా 40 వేల పౌన్లు అయింది. అంటే మన లెక్కలో కోటి రూపాయలు దాటిన మాట.

రెండోవారు ముంబైకి చెందిన పైలట్ అమోల్ యాదవ్. ఈయనది కిట్టు కాదు, సొంత నమూనా. మేడపైన ఆరు సీట్ల విమానం తయారుచేసి 2016 ఫిబ్రవరిలో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో వచ్చింది. ఎగరడానికి అనుమతి 2019 అక్టోబరులో లభించింది. అంటే విమానం జనం ఎదుట నిలబడిన తర్వాత కాగితాలకే మూడున్నరేళ్లు దాటింది.

ముందు కాగితం, తర్వాత కిట్టు

కనుక మొదటి పని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఎ.) కు రాసి, ఏ నమూనాను ఏ తరగతి కింద ఒప్పుకుంటారో, ఎవరు తనిఖీ చేస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవడం. నడిపే లైసెన్సు వేరే సంగతి. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, వైద్య పరీక్ష నెగ్గాలి, కనీసం 40 గంటలు ఎగరాలి.

పొలంలో నుంచి ఎగురుతామంటే కుదరదు. బాపట్ల పక్కనే సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది. కొరిశపాడు వద్ద జాతీయ రహదారిపై 2022 డిసెంబరు 29న పరీక్షించిన రన్‌వే కూడా వైమానిక దళం అత్యవసర అవసరాలకే గాని మనకు కాదు.

గుమ్మం కొలవండి

రెండు సీట్ల చిన్న విమానానికే రెక్కల కొస నుంచి కొసకు సుమారు 27 అడుగులు ఉంటుంది. షెడ్డులో బిగించాక తలుపులోంచి రాదు. అందుకే రెక్కలు విడిగా తయారుచేసి, చివరగా విమానాశ్రయంలో తగిలిస్తారు. తలుపు వెడల్పు, సందు మలుపు, లారీ పొడవు ముందే టేపుతో కొలుచుకోవాలి.

మన తీరంలో ఉప్పుగాలి సంగతి రైతులకు, మత్స్యకారులకు చెప్పనక్కరలేదు. అల్యూమినియం రేకుకు ఇనుప బోల్టు తగిలినచోట తేమ చేరితే లోహం పొడిగా రాలిపోతుంది. కిట్టు భాగాలకు ప్రైమరు పూసి, నేలకు ఎత్తుగా, పొడిగా ఉంచాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మామూలు రేకుల షెడ్డును నమ్ముకోరాదు.

రివెట్టు తప్పితే ప్రాణం తప్పుతుంది

ట్రాక్టరు ఆగితే గట్టున నిలబెట్టి బాగుచేసుకోవచ్చు. ఆకాశంలో గట్టు లేదు. ఒక్కో విమానానికి వేల రివెట్లు పడతాయి. ప్రతి రంధ్రం అంచున గరుకు తీయాలి. అక్కడ గీత మిగిలితే అదే పగులుగా పాకుతుంది. బోల్టును చేతి అంచనాతో కాక, బిగింపు కొలిచే టార్క్ రెంచితో బిగించాలి. ఏ రోజు ఏం చేశామో ఫొటోలతో పుస్తకంలో రాసుకోవాలి. తనిఖీ అధికారి అడిగేది ఆ పుస్తకమే.

పెట్రోలు సంగతీ చూడాలి. చిన్న విమానాల్లో ఎక్కువగా వాడే రోటాక్స్ 912 ఇంజనుకు ఇథనాల్ 10 శాతం వరకే ఒప్పుకున్నారు. మన బంకుల్లో 20 శాతం కలిపిన పెట్రోలు వస్తోంది.

కొన్ని కంపెనీలు చేయి అలవాటుకు చిన్న సాధన కిట్లు, తర్వాత తోక భాగం ఒక్కటే విడిగా అమ్ముతాయి. అనుమతి సంగతి తేలాక ముందుగా వాటితో చేయి పరీక్షించుకుని, పనితనం కుదిరితేనే రెక్కలకు డబ్బు కట్టడం మంచిది. కుదరకపోతే పోయేది కొద్ది డబ్బే. పొలం పొలంగానే ఉంటుంది.